అద్దాలకీ ఆయాసమే!

ఇంట్లో వస్తువులకి వయసు మీదపడితే అవి నోరు విప్పి చెప్పవు. చేసే పనే కాస్త నెమ్మదిగా చెయ్యడం మొదలెడతాయి. గ్రైండరు పిండి రుబ్బడానికి పదినిమిషాలు ఎక్కువ తీసుకుంటుంది. ఫ్యాను స్విచ్చి వేశాక తిరగాలా వద్దా అని ఓ క్షణం ఆలోచిస్తుంది. కారు సంగతీ అంతే. ఇంజను బాగానే ఉంటుంది, టైర్లు బాగానే ఉంటాయి. స్విచ్చి నొక్కగానే సర్రున లేవవలసిన తలుపు అద్దం మాత్రం, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడ మెట్లెక్కినట్టు, ఆగి, ఆయాసపడి, మళ్ళీ కాస్త లేస్తుంది. నెత్తిమీద సన్‌రూఫ్ ఉన్న కారైతే అదీ సగం దూరం జరిగి 'ఇక నావల్ల కాదు' అన్నట్టు నిలబడిపోతుంది.

"బండి పాతబడిపోయింది, అమ్మేద్దాం" అంటారు మగవాళ్ళు. "ఎక్కడో ఏదో అడ్డుపడి ఉంటుంది, ముందు అది చూడండి" అంటాం మనం. చాలాసార్లు మన మాటే నెగ్గుతుంది. అయితే ఈ అద్దం లేవడం, దిగడం అనే చిన్న పని వెనకాల నూరేళ్ళు దాటిన కథ ఒకటుంది. ఆ కథ తెలిస్తేగాని, అద్దం బాగుచేయించిన రోజున మనం మరిచిపోకుండా చెయ్యవలసిన పని ఒకటుందని తెలియదు.

అసలు మొదటి కారుకి అద్దాలే లేవు. 1886లో జర్మనీలో కార్ల్ బెంజ్ పేటెంటు పుచ్చుకున్న బండి, మూడు చక్రాలమీద నిలబెట్టిన సోఫాలాంటిది. కప్పూ లేదు, తలుపూ లేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తతో చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్నీ ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి సుమారు నూరు కిలోమీటర్లు ఆ బండిమీదే వెళ్ళింది. దారిలో ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే సూదితో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకులు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి వాటికి తోలు కొట్టించింది. కారుమీద మొదటి దూరప్రయాణం చేసిన మనిషీ, దారిలో కారు బాగుచేసిన మొదటి మెకానిక్కూ కూడా ఓ ఇల్లాలే అన్నమాట. పుట్టింటికి బయల్దేరాక మనల్ని ఆపగలిగేదేదీ లేదని ఆవిడ అప్పుడే రుజువు చేసింది.

ఆ తరవాత కార్లకి తలుపులు వచ్చాయి, కప్పు వచ్చింది, అద్దాలూ వచ్చాయి. అద్దాన్ని ఎత్తడం దించడం ఎలా? గుర్రపుబగ్గీల్లోనూ, ఇంగ్లండు రైలుపెట్టెల్లోనూ దానికి ఓ ఏర్పాటు అప్పటికే ఉండేది. అద్దం కింద అంచుకి ఓ తోలుపట్టీ, దానికి వరసగా బెజ్జాలు. పట్టీ లాగితే అద్దం లేస్తుంది. కావలసిన బెజ్జాన్ని మేకుకి తగిలిస్తే అక్కడ ఆగుతుంది. తొలిరోజుల కార్లు ఈ తోలుపట్టీనే అరువు తెచ్చుకున్నాయి.

మనకి తోలుపట్టీ తెలియకపోయినా రైలు షట్టరు తెలుసు. రెండు కొసలా ఉన్న గొళ్ళాలు నొక్కిపట్టి పైకెత్తాలి. టక్కుమని తగులుకుందో లేదో చూసుకోకపోతే, బండి ఏ వంతెన ఎక్కినప్పుడో దబ్బున కిందపడుతుంది. కిటికీ పక్క చోటుకోసం దెబ్బలాడుకున్న పిల్లల్లో ఒక్కరికైనా వేలు నలగని కుటుంబం ఉంటుందా? "చెయ్యి లోపల పెట్టుకోవే!" అన్న అమ్మ అరుపు రైలు కూతతోపాటు మన చెవుల్లో ఉండిపోయింది. కిటికీకీ చిన్నపిల్లల వేళ్ళకీ ఉన్న ఈ పాత విరోధం మళ్ళీ మన కథలోకి వస్తుంది, కాస్త గుర్తుంచుకోండి.

అమెరికాలో 1919 దాకా నూటికి తొంభై కార్లు గుడ్డటాపు కార్లే. మూసిన కార్లు నూటికి పది. ఆ తరవాత ధరలు దిగాయి. 1920ల మొదట్లో హడ్సన్ కంపెనీవారు ఎసెక్స్ అనే మూసిన కారుని చవగ్గా అమ్మకానికి పెట్టి మిగతావాళ్ళని కంగారుపెట్టారు. వానకి తడవకుండా, దుమ్ము కొట్టుకోకుండా ప్రయాణం చెయ్యవచ్చంటే ఎవరు కాదంటారు? 1927 నాటికి లెక్క తిరగబడి నూటికి 85 మూసిన కార్లే అయ్యాయి. నాలుగుపక్కలా మూసుకున్నాక గాలికోసం అద్దం దించడం, చలికి ఎత్తడం రోజూ ఉండే పని అయింది. తోలుపట్టీ పోయి తిప్పుడు హ్యాండిలు వచ్చింది. హ్యాండిలు తిప్పితే తలుపు లోపల పళ్ళచక్రం తిరిగి, కత్తెరలా ఉన్న రెండు ఇనపకడ్డీలు విచ్చుకుని అద్దాన్ని పైకి నెడతాయి. మన అంబాసిడర్లూ, ఫియట్లూ అందరం అలా తిప్పినవాళ్ళమే. వేసవిలో నాలుగు అద్దాలూ దించేసరికి సగం ప్రయాణం అయిపోయేది.

ఆ హ్యాండిలుకి ఓ గుణం ఉండేది. అద్దం దేనికైనా అడ్డుపడితే చేతికి తెలిసిపోయేది. బరువుగా తగిలిందంటే చెయ్యి దానంతట అదే ఆగేది. పైట కొంగు ఇరుక్కున్నా, పిల్లవాడి వేలు ఇరుక్కున్నా బుర్రకి కబురు అందేలోపలే చెయ్యి వెనక్కి తిరిగేది. పిండి తడిపినప్పుడు నీళ్ళు చాలాయో లేదో చెప్పేది కూడా ఇలాంటి తెలివే. ఆ రోజుల్లో దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. ఉన్నంతకాలం ఉన్నదని తెలియని వాటిలో అదొకటి.

1940 శరదృతువులో అమెరికాలో ప్యాకర్డ్ కంపెనీవారు, 1941 మోడలుగా వచ్చిన తమ ఖరీదైన 180 కార్లలో, చేత్తో తిప్పక్కర్లేని అద్దాలు పెట్టారు. వెంటనే ఫోర్డువారి లింకన్ కస్టమ్ కార్లలోనూ అవి వచ్చాయి. ఇప్పటిలా తలుపుకో మోటారు కాదు. ఎక్కడో ఒకచోట కరెంటుతో తిరిగే పంపు ఒకటి ఉండేది. అది సన్నని గొట్టాల్లోంచి ద్రవాన్ని నెడితే, ఇంజక్షను సిరంజిలో ముషలకం కదిలినట్టు ప్రతి తలుపులోనూ ఓ కడ్డీ కదిలి అద్దాన్ని ఎత్తేది. చూడ్డానికి ముచ్చటే. కానీ ఏళ్ళు గడిస్తే గొట్టాలు కారతాయి కదా! యుద్ధం తరవాత వచ్చిన ఇలాంటి ఏర్పాట్లలో పోసింది బ్రేకు ద్రవమే కాబట్టి, అది కారినచోటల్లా తలుపు రంగూ, సీటు గుడ్డా పాడయ్యేవి. 1950ల తొలి సగంలో తలుపుకో చిన్న కరెంటు మోటారు పెట్టడం మొదలయ్యాక గొట్టాల బాధ తీరింది.

అందరూ మోటార్లకి మారాక కూడా ఒక్కరు మాత్రం ద్రవాన్ని వదల్లేదు. 1963 నుంచి 1981 దాకా వచ్చిన మెర్సిడెస్ 600లో అద్దాలు, సీట్లు, సన్‌రూఫ్, వెనక డిక్కీ మూత, అన్నీ ద్రవం ఒత్తిడితోనే కదిలేవి. ఆ ఒత్తిడి గాలి ఒత్తిడికి దరిదాపు 150 రెట్లు. అద్దం చప్పుడు లేకుండా లేస్తుంది, దేన్నీ లెక్కచెయ్యదు. మొత్తం తయారైనవి 2,677 కార్లే కనక, ప్రభువులూ సినిమా తారలూ తప్ప మామూలు వాళ్ళు వాటి జోలికి వెళ్ళలేదు.

ఇక నెత్తిమీది కిటికీ. జర్మనీలో విల్‌హెల్మ్ బైయర్ అనే ఆయన 1901లో ఓ లోహపు సామాన్ల కంపెనీ పెట్టారు. తరవాత అది స్టాక్‌డోర్ఫ్ అనే ఊరికి మారింది. ఆయన పేరులోవి, ఇంటిపేరులోవి, ఊరిపేరులోవి తలా కొన్ని అక్షరాలు తీసి కంపెనీకి వెబాస్టో అని పేరు పెట్టారు. 1930ల్లో ఆ కంపెనీ కార్లకి మడిచే గుడ్డకప్పులు చేసేది. అమెరికాలో 1937లో నాష్ కంపెనీవారు సన్‌రూఫ్ పెట్టారు. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి చాలాకాలం గుడ్డకప్పే. 1964 మోడలుతో అది పోయి, హ్యాండిలు తిప్పితే జరిగే ఇనపరేకు కప్పు వచ్చింది. జర్మనీనుంచి చదువుకోడానికి అమెరికా వెళ్ళిన హైంజ్ ప్రెక్టర్ అనే కుర్రాడు 1965లో కాలిఫోర్నియాలో కార్ల కప్పులు కోసి సన్‌రూఫులు బిగించే వ్యాపారం పెట్టాడు. పెట్టుబడి 764 డాలర్లని చెప్పుకుంటారు. నాలుగేళ్ళు తిరక్కుండా డెట్రాయిటులోని పెద్ద కంపెనీలు అతన్ని పిలిపించుకున్నాయి. చలిదేశాల్లో ఎండ కనిపించడమే పండగ గనక వాళ్ళు కప్పుకి కన్నం పెట్టుకున్నారంటే అర్థముంది. మే నెలలో బెజవాడలో సన్‌రూఫ్ తెరిచేవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

సరే, ఇంతకీ ఈ ఆయాసం దేనికి? మోటారుని అనుమానించే ముందు ఓ పరీక్ష చెయ్యాలి. నాలుగు అద్దాలూ నీరసంగా ఉంటే జబ్బు అందరికీ ఉమ్మడిగా ఉన్నచోట ఉంటుంది, అంటే బ్యాటరీలోనో, ఎర్తు వైరులోనో. ఇంజను స్టార్టు చేశాక అద్దాలు చురుగ్గా కదిలితే అనుమానం మరీ బలపడుతుంది. ఒక్క అద్దమే నీరసంగా ఉంటే జబ్బు ఆ తలుపులోనే. అద్దం ఓ రబ్బరు కాలవలో జారుతుంది. మెకానిక్కులు దాన్ని బీడింగు అంటారు. ఎండకి ఆ రబ్బరు బిగుసుకుపోతుంది, దాన్లోకి దుమ్ము చేరుతుంది. లోపల అద్దాన్ని ఎత్తే మిషనుకి రాసిన గ్రీజు ఏళ్ళు గడిచేసరికి పాత ఆవకాయ జాడీ అడుగులా గట్టిపడుతుంది. మోటారు పాపం అంత బలంతోనూ గుంజుతూనే ఉంటుంది. మన స్విచ్చి లోపలి రాగి రేకులు మసిబారినా, తలుపు మడత దగ్గర వైరు నలిగినా 12 వోల్టుల కరెంటులో సగమే దానికి చేరుతుంది. అది చూసి మనం మోటారు పోయిందంటాం. స్విచ్చిని పదేపదే నొక్కితే మోటారు వేడెక్కి, తన్ను తాను కాపాడుకోడానికి కాసేపు పూర్తిగా మానేస్తుంది కూడా.

సన్‌రూఫ్ జబ్బు కాస్త వేరు. దాన్ని రెండుపక్కలా రెండు మెలికల కేబుళ్ళు నెడతాయి. టేబులు సొరుగుని ఒక పక్కనే పట్టుకుని లాగితే వంకరపడి బిగుసుకుపోవడం మనకి తెలిసిందే కదా? ఒక పట్టాలో దుమ్ము ఎక్కువై ఆ పక్క వెనకబడితే కప్పుదీ అదే అవస్థ. బలవంతంగా నొక్కితే కేబులు పోతుంది. పట్టాలు తుడిచి, పాత గ్రీజు తీసేసి, కొత్తది పల్చగా రాస్తే చాలావరకు దారికొస్తుంది. ఇంకో సంగతి. సన్‌రూఫ్ చుట్టూ కాస్త నీరు దిగడం దాని రివాజే. దిగిన నీరు పోవడానికి మూలల్లో సన్నని గొట్టాలు ఉంటాయి. ఆకులు చేరి అవి పూడుకుపోతేనే వానాకాలంలో మన నెత్తిమీద అభిషేకం.

మా ఇంట్లో పద్దెనిమిదేళ్ళ కారు ఒకటుంది. ఎడమపక్క వెనక తలుపు అద్దం, అంటే మా మనవరాలు కూచునే వైపుది, రెండేళ్ళుగా నిట్టూరుస్తూ లేచేది. ఓ పెద్ద వర్కుషాపులో చూపిస్తే మోటారూ మిషనూ మొత్తం మార్చాలన్నారు. అంచనా కాగితం చూసి మా వారు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశారు. అంకె మారలేదు. చివరికి మా వీధి మలుపులో షెడ్డున్న మెకానిక్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. అతను తలుపు ప్యాడు ఊడదీసి, లోపల వేలు పెట్టి, నల్లటి జిగురులాంటిది తీసి చూపించాడు.

"మోటారుకేం కాలేదమ్మా. ఇదిగో, దీన్ని మోస్తూ అలిసిపోయింది" అన్నాడు.

బీడింగు ఊడదీసి తడిగుడ్డతో తుడిచాడు, ఆరాక సిలికాన్ స్ప్రే కొట్టాడు. "కొబ్బరినూనె రాస్తే?" అని అడిగాను. "అస్సలొద్దమ్మా, రబ్బరు ఉబ్బుతుంది, దుమ్ము ఇంకా పడుతుంది" అన్నాడు. మిషనుకి పాత గ్రీజు గీకి కొత్తది పెట్టాడు. స్విచ్చి విప్పి శుభ్రం చేశాడు. గంటన్నర పట్టింది. స్విచ్చి నొక్కితే అద్దం రివ్వున లేచింది. నేను చప్పట్లు కొట్టబోతున్నాను. అతను మాత్రం నవ్వలేదు. బజారునుంచి అటే వచ్చాను గనక నా సంచిలోంచి ములక్కాడలు కనిపిస్తున్నాయి. "ఒకటి తీసుకోనా అమ్మా?" అని అడిగి తీసుకుని, సగం దించిన అద్దానికి అడ్డంగా పెట్టి స్విచ్చి నొక్కాడు. కాడ చితికి నార బయటికొచ్చింది. అద్దం ఆగలేదు.

"ఈ బండికి వెనక్కి తగ్గే తెలివి లేదమ్మా. ఇన్నాళ్ళూ నీరసంగా ఉంది కాబట్టి గడిచిపోయింది. ఇవాళ్టినుంచి పాపని కాస్త చూసుకోండి" అన్నాడు.

ఆ రాత్రి నేను సాంబారు చెయ్యలేదు. ఆ చితికిన కాడ ముక్కని వంటింటి గట్టుమీద పెట్టి చాలాసేపు చూశాను.

మోటారు పెట్టిన రోజున మనిషికి శ్రమ తగ్గింది నిజమే. చేతికి తెలిసినది మోటారుకి తెలియదు. అడ్డుగా ఉన్నది గాలో, గుడ్డో, మెడో దానికి ఒకటే. అమెరికాలో ఈ విషయమై నిబంధన 1971లో అమల్లోకి వచ్చింది. తాళం తీసేస్తే అద్దాలు కదలకూడదని దాని సారాంశం. తాళం కారులోనే ఉన్నప్పుడు? ఆ రోజుల స్విచ్చీలు ఓ పక్క నొక్కితే లేచేవి, ఇంకో పక్క నొక్కితే దిగేవి. పిల్లవాడు చేతులు పెట్టుకునే దిమ్మమీద మోకాళ్ళమీద నిలబడి, తల బయటికి పెట్టి వీధి చూస్తాడు. మోకాలు స్విచ్చిమీద పడుతుంది. అద్దం లేస్తుంది. మిగతాది నేను రాయనక్కరలేదు, మీరూ తల్లులే.

ఇలాంటివి ఎన్నో జరిగాక తల్లిదండ్రులు ఊరుకోలేదు. వారిలో జానెట్ ఫెనెల్ అనే ఆవిడ ఒకరు. 1995లో దొంగలు ఆవిడనీ భర్తనీ వాళ్ళ కారు డిక్కీలోనే బంధించారు. బతికి బయటపడ్డాక, డిక్కీ లోపలినుంచి తెరుచుకునే పిడి ప్రతి కారుకీ ఉండాలని పట్టుబట్టి సాధించారు. ఆ తరవాత ఆవిడా, తోటి తల్లిదండ్రులూ ఈ అద్దాల వెంటపడ్డారు. మోకాలు పడితే పనిచెయ్యని స్విచ్చీలు పెట్టాలని 2004లో నిబంధన వచ్చింది. పిల్లవాడి మోకాలికి బదులు 4 సెంటీమీటర్ల గుండు ఒకటి తీసుకుని స్విచ్చిని నొక్కి పరీక్షించాలన్నారు. 2005లో అమెరికా కాంగ్రెసు చేసిన చట్టం ఇంకో అడుగు వేసింది. అద్దం లేవాలంటే స్విచ్చిని వేలితో పైకి లాగితీరాలి. 2010 అక్టోబరు నుంచి అక్కడి కొత్త కార్లన్నిటికీ అది తప్పనిసరి అయింది.

ఈలోగా మోటారుకి కూడా కొంత బుద్ధి నేర్పారు. ఒక్కసారి తాకితే దానంతట అదే పైదాకా లేచే అద్దాలు, అడ్డు తగిలితే 100 న్యూటన్లు, అంటే సుమారు పదికిలోల బరువు, దాటకముందే ఆగి వెనక్కి దిగాలని యూరపు నిబంధనలూ, అమెరికావీ చెబుతున్నాయి. మోటారు చుట్లు లెక్కపెట్టే చిన్న పరికరం ఒకటి లోపల ఉంటుంది. చుట్లు హఠాత్తుగా మందగిస్తే ఏదో ఇరుక్కుందని గ్రహించి వెనక్కి తిప్పుతుంది. హ్యాండిలు తిప్పిన చెయ్యి చేసిన పనే ఇది. తిరిగి సంపాదించుకోడానికి అన్ని దశాబ్దాలు పట్టింది. ఇలాంటి కార్లలో బీడింగు బిగిసిపోతే తమాషా ఇంకోలా ఉంటుంది. అద్దం పైదాకా వెళ్ళి, ఎవరి వేలో ఇరుక్కుందనుకుని దానంతట అదే దిగివచ్చేస్తుంది. కారుకి దిష్టి తగిలిందని నిమ్మకాయ కట్టక్కరలేదు, రబ్బరు తుడిపిస్తే చాలు.

కాబట్టి అమ్మలారా, అమ్మమ్మలారా, నీరసపడిన అద్దాన్ని బాగుచేయించండి. వానలోనో, ఎవరో తలుపు పక్కన నిలబడి భయపెట్టినప్పుడో అద్దం వెంటనే మూసుకోవాలి కదా. మోటారు మార్చే ముందు దుమ్మూ, గ్రీజూ, స్విచ్చీ చూడమని అడగండి. బాగయ్యాక మీ కారుకి వెనక్కి తగ్గే తెలివి ఉందో లేదో కూడా అక్కడే అడిగి తెలుసుకోండి. పరీక్షకి చెయ్యి పెట్టకండి, కూరగాయ చాలు. తెలివి లేని కారైతే డ్రైవరు పక్క తలుపుకి ఉండే లాకు స్విచ్చి నొక్కి ఉంచండి, వెనకవాళ్ళ అద్దాలు మీ మాట మీదే లేస్తాయి. ఏ కారైనా సరే పిల్లల్ని తాళంతోపాటు ఒంటరిగా వదలకండి. ముచ్చటకైనా సన్‌రూఫ్‌లోంచి నిలబడనివ్వకండి.

ఇంకొక్క మాట. ఈసారి ఏ కొత్త కారు ఎక్కినా తలుపుకున్న స్విచ్చిని ఓసారి వేలితో తడిమి చూడండి. అంచు కాస్త పైకి లేచి, వేలు దూర్చి లాగితేగాని అద్దం లేవకుండా ఉంటుంది. ఏ కంపెనీ ప్రకటనలోనూ దాని గొప్ప చెప్పరు. తమకి జరిగింది ఇంకొకరికి జరగకూడదని కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగిన తల్లులు, ముక్కూమొహం తెలియని మన పిల్లలకోసం పెట్టించింది అది.